మావాడి లెవెళ్ళు, మా నాన్న చందమామలు

డునెడిన్‌కి చుట్టపుచూపుగా ఎవరొచ్చినా మేం తప్పకుండా తీసుకెళ్ళే వీధి ఒకటుంది. పేరు బాల్డ్విన్ స్ట్రీట్. అక్కడ గుడీ లేదు, కోటా లేదు, చూడాల్సిందల్లా ఎత్తే. మొత్తం 350 మీటర్ల వీధి. పైభాగంలో దాదాపు మూడడుగులు ముందుకేస్తే ఒక అడుగు పైకి లేస్తాం. పక్కనున్న ఇళ్ళు నేలలోకి కూరుకుపోతున్నట్టు కనిపిస్తాయి. జనం కాపురముండే వీధుల్లో ప్రపంచంలోకెల్లా నిటారైనది ఇదేనని గిన్నిస్ వాళ్ళు పుస్తకంలో రాసుకున్నారు.

పోయిన చలికాలంలో (మాకు చలికాలమంటే జూన్, జూలై) ఒక ఆదివారం మా పదేళ్ళవాడితో కలిసి ఆ వీధి ఎక్కుతున్నాను. పావు వంతు ఎక్కాక వాడు ఆగి "కాపర్ అయిపోయింది నాన్నా" అన్నాడు. సగానికి వచ్చాక "ఐరన్" అన్నాడు. ఇంకాస్త ఎక్కి "జేడ్" అని అరిచాడు. నేను ఎవరిదో ప్రహరీగోడ పట్టుకుని ఆయాసపడుతుంటే వెనక్కి తిరిగి చూసి, "నువ్వింకా కాపర్‌లోనే ఉన్నావు" అన్నాడు జాలిగా.

ఇదేం భాషో ఆ వయసు పిల్లలున్నవాళ్ళకి ఈపాటికి తెలిసిపోయుంటుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఇవి విల్ వైట్ అనే అమెరికన్ రచయిత రాసిన 'క్రేడిల్' నవలల్లో మనుషుల స్థాయిలు. అందులో లిండన్ అనే కుర్రాడికి పుట్టుకతో ఏ శక్తీ లేదని ఊళ్ళోవాళ్ళు తేల్చేస్తారు. అక్కణ్ణుంచి వాడు ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోతాడు. 2016లో మొదలై 2023లో ముగిసేసరికి పన్నెండు పుస్తకాలయ్యాయి. మావాడు వాటిని ఆర్నెల్లలో నమిలేశాడు. ఈ తరహా కథలకి 'ప్రోగ్రెషన్ ఫాంటసీ' అనే పేరు 2019 ప్రాంతంలో విల్ వైట్, ఆండ్రూ రో వంటి రచయితల చుట్టూ స్థిరపడింది. మా ఇంట్లో మాత్రం వీటిని 'మెట్ల కథలు' అంటున్నాం. నాయకుడు కిందనుంచి మొదలెడతాడు. సాధన చేస్తాడు, దెబ్బలు తింటాడు, ఒక మెట్టెక్కుతాడు. పైన ఇంకో మెట్టు, దానిమీద ఇంకా బలమైన శత్రువు. మళ్ళీ సాధన. అదీ వరస.

సరే, వీధి పైకి చేరాక బల్లమీద కూర్చుని వాడడిగిన ప్రశ్న ఇది. "నాన్నా, తెలుగులో ఇలాంటివి లేవా?"

ఎందుకు లేవూ, బోలెడున్నాయి అనేశాను. పిల్లల ముందు మాతృభాష పరువు నిలబెట్టే తొందర మనకి ఎప్పుడూ ఉండేదే. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఒక్కటీ తట్టలేదు.

ముందు ఇంగ్లీషులో వెతకడం మొదలెట్టాను. వీడికి తర్వాత చదవడానికేదైనా ఇవ్వాలి కదా. రెండు నెలలపాటు రాత్రిళ్ళు కూర్చుని ఒక ఇరవై పుస్తకాల మొదటి అధ్యాయాలు తిరగేశాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, వాటిలో చాలామటుకు మా ఆఫీసు స్ప్రెడ్‌షీట్ల కంటే నీరసంగా ఉన్నాయి. బలం 12, చురుకు 9, తెలివి 15. అధ్యాయం చివర బలం 14. ఇలాంటి అంకెల పట్టికల ఆట 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఇళ్ళల్లోకి వచ్చింది, అక్కణ్ణుంచి కంప్యూటర్ ఆటల్లోకి, వాటినుంచి నవలల్లోకి పాకింది. ఆటలో మన పాత్ర బలం రెండు పెరిగితే మనకి సరదా. పుస్తకంలో ఎవడికో పెరిగితే మనకేమిటి?

ఈ కథలకి ఇంకో వేరు చైనాలో ఉంది. అక్కడి తావో సాధకుల్లో శరీరంలోని ప్రాణశక్తిని శుద్ధి చేసుకుంటూ అమరత్వం దాకా వెళ్ళొచ్చన్న నమ్మకం చాలా పాతది. ఇప్పుడు వెబ్‌లో వరదలా వస్తున్న చైనా సాధన నవలలన్నీ ఆ పరిభాషనే వాడుకుంటాయి. వాటికి ముందు హాంకాంగ్‌లో జిన్ యాంగ్ అనే ఆయన పత్రికల్లో కత్తియుద్ధాల సీరియళ్ళు రాశాడు. మొదటిది 1955లో. 1957లో మొదలైన 'కాండర్ హీరోస్' కథలో గువో జింగ్ అనే మందమతి కుర్రాడు ఏడుగురు గురువుల చేత తిట్లు తింటూ ఏళ్ళ తరబడి నేర్చుకుని యోధుడవుతాడు. దాని మొదటి భాగం 2018లో ఇంగ్లీషులోకి వచ్చింది. అది నాకు తెగ నచ్చింది. అందులో అంకెలుండవు, వాడి తెలివితక్కువతనం పక్కన వాడి మంచితనం కనిపిస్తూ ఉంటుంది.

1955 అన్న సంవత్సరం చూడగానే నాకు ఎక్కడో గంట కొట్టింది. తెనాలిలో మా నాన్నకి ఫోన్ చేశాను.

మా నాన్న తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఒక్కడే ఉంటున్నాడు. ఆయనకి ఉన్న ఒకే ఒక్క ఆస్తి, పాత చందమామల్లోంచి సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, దారంతో కుట్టించి, అట్టలు వేయించి పెట్టుకున్న బైండు పుస్తకాలు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో చేతులు కడుక్కుని వస్తేనే నాకు ఇచ్చేవాడు.

"మెట్ల కథలా? మన చందమామ సీరియళ్ళు చాలవట్రా?" అన్నాడు.

చందమామ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. పెట్టినవాళ్ళు నాగిరెడ్డి, చక్రపాణి. చక్రపాణి మా తెనాలి మనిషే కాబట్టి ఆ పేరు ఎత్తినప్పుడల్లా మా నాన్న గొంతు ఒక మెట్టు పైకెళుతుంది. 1952లో కొడవటిగంటి కుటుంబరావు (ఈయనదీ తెనాలే!) పత్రిక బాధ్యత చేపట్టారు. ఆ ఏడాదే దాసరి సుబ్రహ్మణ్యం అనే ఇరవయ్యేళ్ళ యువకుడు కూడా అక్కడ చేరాడు. 1954లో ఆయన 'తోకచుక్క' అనే సీరియల్ మొదలెట్టాడు. హాంకాంగ్‌లో జిన్ యాంగ్ కలం పట్టడానికి ఒక ఏడాది ముందన్నమాట! ఆ తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. దాదాపు పాతికేళ్ళలో మొత్తం పన్నెండు. చిత్ర గారి బొమ్మలతో నెలకి ఒక భాగం. ఏ భాగంలోనూ రచయిత పేరు ఉండేది కాదు. రాసిందెవరో తెలియకుండానే రెండు మూడు తరాల పిల్లలు నెలనెలా ఎదురుచూశారు.

అలా మా ఇంట్లో ఆదివారం సాయంత్రాల కార్యక్రమం మొదలైంది. మాకు ఆరు గంటలు, తెనాలిలో పదకొండున్నర. మా నాన్న కళ్ళజోడు సర్దుకుని 'రాతిరథం' బైండు తెరిచి ఫోన్ ముందు కూర్చుని చదువుతాడు. మావాడికి తెలుగు చదవడం రాదు, వింటే అర్థమవుతుంది. అర్థం కానిచోట "తాతయ్యా, ఆగాగు" అంటాడు. ఆ కథలో ఇద్దరు మిత్రులు. కత్తి పట్టిన ఖడ్గవర్మ, మంత్రదండం పట్టిన జీవదత్తుడు. మూడు వారాలు వినేసరికి మావాడికి అనుమానం వచ్చింది.

"తాతయ్యా, ఖడ్గవర్మ ఏ లెవెల్?"

"లెవెలేమిట్రా? వాడి పేరే ఖడ్గవర్మ. కత్తి తిప్పడం వచ్చు."

"మరి ఇంకా బాగా తిప్పడం ఎప్పుడు నేర్చుకుంటాడు?"

మా నాన్న నాకేసి చూశాడు. నేను గోడకేసి చూశాను. నిజమే! చిన్నప్పుడు అన్నిసార్లు చదివినా ఈ సంగతి నాకు తట్టలేదు. ఖడ్గవర్మ మొదట్లో ఎంతటివాడో చివర్లోనూ దాదాపు అంతటివాడే. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి అయినా, మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు అయినా అంతే. వాళ్ళు ఎక్కే మెట్లేమీ లేవు. వాళ్ళకి ఉన్నది ధైర్యం, సమయానికి తట్టే యుక్తి, పక్కన ఒక స్నేహితుడు. ఆపదలు మారతాయి, ఊళ్ళు మారతాయి, ఆ ఇద్దరూ మారరు.

మరి ఈ కథల్లో మెట్లెక్కేవాడు ఎవడూ లేడా అని ఆ రాత్రి పడుకుని ఆలోచిస్తే జవాబు దొరికి నిద్ర పట్టలేదు. ఉన్నాడు. మాంత్రికుడు!

ఒకసారి 'పాతాళభైరవి' గుర్తు చేసుకోండి. 1951లో ఇదే నాగిరెడ్డి, చక్రపాణి తీసిన సినిమా. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన. ఏళ్ళకేళ్ళు సాధన చేసి, మంత్రాలు నేర్చి, కోరిందల్లా ఇచ్చే పాతాళభైరవి ప్రతిమని సంపాదించాలని దేశాలు తిరిగినవాడు ఎస్.వి. రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడు. ఆ చివరి మెట్టుకి కావాల్సింది సాహసవంతుడైన ఒక యువకుడి బలి. దానికోసం తోటరాముణ్ణి పట్టుకుంటాడు. మనం చూస్తున్న కథ రాముడిది కాబట్టి తెలియదుగానీ, అదే కథని మాంత్రికుడి వైపునుంచి చెబితే అచ్చం మావాడు చదివే పుస్తకం. పట్టుదల, సాధన, ఒక్కో సిద్ధి, ఆఖరి మెట్టు! తోటరాముడు చేసిన సాధనేమిటి? ఏమీ లేదు. తోటమాలి కొడుకు, ధైర్యం ఉంది, ప్రేమించాడు, ప్రమాదం తెలిసిన క్షణంలో చురుగ్గా కదిలాడు. మాంత్రికుడి తల తెగింది, ప్రతిమ రాముడి చేతికొచ్చింది.

బాలనాగమ్మ కథలో మాయల ఫకీరూ అంతే. శక్తులన్నీ కూడబెట్టి, చివరికి ప్రాణాన్ని కూడా ఏడు సముద్రాల అవతల చిలకలో దాచుకున్నాడు. వాణ్ణి గెలిచింది బాలవర్ధి అనే పసివాడు. ఇంకా వెనక్కి వెళితే హిరణ్యకశిపుడు, రావణుడు, భస్మాసురుడు. ఘోరమైన తపస్సు, వరం, ఇంకా పెద్ద కోరిక. మన కథల్లో పట్టుబట్టి మెట్లెక్కేవాళ్ళని వెతికితే ముందు దొరికేది అసురులే.

ఈ మాట మా నాన్నతో అంటే ఆయన ఒప్పుకోలేదు. "విశ్వామిత్రుణ్ణి ఎక్కడ పెడతావు?" అన్నాడు.

అవును కదా! రామాయణం బాలకాండలో ఉన్న కథ. వసిష్ఠుడి చేతిలో ఓడిన రాజు తపస్సుకి కూర్చుంటాడు. వెయ్యేళ్ళయ్యాక బ్రహ్మ వచ్చి రాజర్షివి అంటాడు. అది చాలదని మళ్ళీ కూర్చుంటాడు. ఋషి అవుతాడు. తర్వాత మహర్షి. చివరికి బ్రహ్మర్షి. నాలుగు స్థాయిలు, ఒక్కోదానికి ఒక్కో దిక్కున తపస్సు. మధ్యలో త్రిశంకుడి కోసం పోగేసిందంతా ఖర్చు పెట్టేస్తాడు, మేనక వల్ల పదేళ్ళు పోతాయి, రంభ మీద కోపంతో మళ్ళీ నష్టం. మా నాన్న ఆ వారం సీరియల్ ఆపి ఇది చెబితే మావాడు కుర్చీలో నిలబడిపోయాడు. "లెవెల్స్ ఉన్నాయి! రీసెట్ కూడా ఉంది!"

"ఆఖరి మెట్టు ఎలా ఎక్కాడో విను," అన్నాడు మా నాన్న. వెయ్యేళ్ళ వ్రతం ముగించి అన్నం ముందు కూర్చుంటే ఇంద్రుడు బ్రాహ్మడి వేషంలో వచ్చి ఆ అన్నం అడిగాడు. మొత్తం ఇచ్చేసి, ఒక్కమాట మాట్లాడకుండా మళ్ళీ తపస్సుకి కూర్చున్నాడు. మేనక, రంభ, ఇంద్రుడు ఎవరొచ్చినా పోగేసుకున్నది పోకుండా నిలిచింది ఆ ఒక్కసారే.

మావాడు కాసేపు ఆలోచించి, "అంటే ఆకలితోనే పడుకున్నాడా?" అన్నాడు. వాడి సందేహాలు వాడివి.

అక్కణ్ణుంచి నాకు పిచ్చి పట్టుకుంది. వెతికినకొద్దీ మెట్లు కనిపించసాగాయి. పదహారో శతాబ్దంలో పింగళి సూరన రాసిన కళాపూర్ణోదయంలో నారదుడు తుంబురుడి పాట చూసి ఓర్వలేక సంగీతం నేర్చుకోవడానికి బయల్దేరతాడు. కృష్ణుడి అంతఃపురంలో జాంబవతి, సత్యభామ, రుక్మిణి, ఇలా ఒకరి తర్వాత ఒకరి దగ్గర నేర్చుకుంటాడు. ఓడించాల్సిన ప్రత్యర్థి, ఒకరిని మించిన ఒకరు గురువులు. అచ్చమైన మెట్ల కథ. దానికి వంద సంవత్సరాల ముందు, పదిహేనో శతాబ్దంలో, శ్రీశైలం మఠం ప్రేరణతో గౌరన ద్విపదలో నవనాథచరిత్ర రాశాడు. అందులో సారంగధరుడనే రాజకుమారుడు చేయని తప్పుకి కాళ్ళూ చేతులూ నరికించుకుని అడవిలో పడివుంటాడు. సిద్ధుడొకడు చూసి యోగం నేర్పుతాడు. ఆ మొండెం సాధనతో తిరిగి మనిషై, సిద్ధుడవుతాడు. లిండన్ సున్నా దగ్గర మొదలెడితే వీడు సున్నాకి చాలా కింద మొదలెట్టాడు.

అంటే ఆరువందల ఏళ్ళ క్రితం తెలుగులో సాధకుడు నాయకుడే. జానపద కథల్లోకి వచ్చేసరికి మాంత్రికుడై దుర్మార్గుడయ్యాడు. ఎందుకు? నాకు తోచింది చెబుతాను, పండితులు క్షమించాలి. పతంజలి యోగసూత్రాల్లోనే సిద్ధులు సమాధికి అడ్డంకులని ఉంది. అణిమ, మహిమ లాంటి ఎనిమిదీ దారిలో తగిలేవే, అక్కడే ఆగిపోకూడదు. గౌరన సిద్ధులు శక్తిని సంపాదించేది ప్రపంచంనుంచి బయటపడడానికి. మాంత్రికుడు సంపాదించేది ప్రపంచాన్ని ఉంచుకోవడానికి. ఊరిచివర మకాం పెట్టిన జోగి ఈ రెండింట్లో ఏ రకమో పల్లెటూరి మనిషికి తెలిసే దారి లేదు. అంచేత అనుమానించాడు. పిల్లలకి కథ చెప్పేటప్పుడు మెట్లెక్కేవాణ్ణి విలన్‌ని చేసి, తోటమాలి కొడుకుని గెలిపించాడు.

ఇక్కడితో ఆపేస్తే ఎంత బాగుండేదో! మన కథలు గొప్పవి, మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు అని ఒక నమస్కారం పెట్టి ముగించేవాణ్ణి. కానీ మావాడు ఊరుకోలేదు. వచ్చే ఆదివారం తాతయ్యని ఇంకో కథ అడిగాడు, ఆయన ఏకలవ్యుడి కథ చెప్పాడు. గురువు కాదన్నాడు. మట్టిబొమ్మ పెట్టుకుని సొంతంగా సాధన చేశాడు. అర్జునుణ్ణి మించిపోయాడు. బొటనవేలు అడిగారు, ఇచ్చాడు.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అతను ఏం తప్పు చేశాడు?" అన్నాడు. ఫోన్‌లో మా నాన్న, ఇక్కడ నేను, ఇద్దరం నోరు మూసుకున్నాం.

ఏమీ చేయలేదు. శక్తిని పోగేసుకునేవాణ్ణి అనుమానించే కథలు కొన్నిసార్లు న్యాయం చెబుతాయి. కొన్నిసార్లు మాత్రం పైమెట్టు మీద ముందే కూర్చున్నవాడు కిందివాడి వేలు కోయడానికి పనికొస్తాయి. సాధనతో ఎవడైనా ఎక్కొచ్చు అనే మావాడి పుస్తకాల మీద నాకున్న చిన్నచూపు ఆ సాయంత్రం పోయింది. పుట్టుకతో పనికిరాడని ఊరు తేల్చేసిన లిండన్ పైకెక్కితే, ప్రపంచంలో ఎక్కడెక్కడి పిల్లలో ఎందుకు సంబరపడుతున్నారో అర్థమైంది. వాళ్ళకి నచ్చుతున్నది అంకెలు కాదు, వేలు పోకుండా పైకెక్కిన ఏకలవ్యుడు.

అసలు ఈ విషయంలో నీతులు చెప్పడానికి నేనెవర్ని? నా కథంతా మెట్లే. తెనాలి, హైదరాబాదు, ఎమ్మెస్ కోసం ఆక్లండ్. అక్కడ నివాస వీసాకి నైపుణ్యం ఉన్నవాళ్ళని పాయింట్లతో కొలిచేవారు. వయసుకిన్ని, చదువుకిన్ని, ఉద్యోగానికిన్ని. 2016 అక్టోబరులో ఎంపిక గీతని 140 నుంచి 160కి పెంచారు. నేను కాగితాలన్నీ పేర్చుకుని 140కి చేరింది సరిగ్గా అప్పుడే. ఆక్లండ్ బయట ఉద్యోగం ఉంటే 30 పాయింట్లు అదనం అని అంతకు ముందు ఏడాదే నియమం వచ్చింది. అదీ మేం డునెడిన్ రావడానికి కారణం. ఈ ఊరి గురించి అడిగినవాళ్ళందరికీ సముద్రం, ఆల్బట్రాస్ పక్షులు, 2014లో యునెస్కో ఇచ్చిన సాహిత్య నగరం బిరుదు అని చెబుతుంటాను. నిజం చెప్పాలంటే 30 పాయింట్ల కోసం వచ్చాం. 2023 అక్టోబరులో ఆ పద్ధతే తీసేసి మొత్తం ఆరు పాయింట్ల లెక్క పెట్టారు. నేను చెమటోడ్చి సంపాదించిన 160 ఇప్పుడు ఏ పట్టికలోనూ లేదు.

బాల్డ్విన్ స్ట్రీట్‌కి కూడా ఇలాగే అయింది. 2019 జూలైలో వేల్స్ దేశంలో హార్లెక్ అనే ఊరి వీధి ఇంకా నిటారుగా ఉందని గిన్నిస్ వాళ్ళు బిరుదు వాళ్ళకిచ్చేశారు. కొలవాల్సింది వీధి మధ్యగీత మీద అని మనవాళ్ళు వాదిస్తే, 2020 ఏప్రిల్‌లో తిరిగి మనకే ఇచ్చారు. ఆ తొమ్మిది నెలలూ వీధి ఒక్క అంగుళం కుంగలేదు. మా పక్కింటి పెద్దాయన రోజూలాగే కుక్కని తీసుకుని ఎక్కి దిగాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పోయిన ఆగస్టులో సిడ్నీనుంచి నాకొక కాంట్రాక్టు వచ్చింది. ఇప్పటికంటే మూడోవంతు ఎక్కువ. హోదా పేరులో 'ప్రిన్సిపల్' అనే మాట. ఆ మాట కోసం నేను ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. అలవాటుగా స్ప్రెడ్‌షీట్ తెరిచాను. అద్దె, పన్ను, స్కూలు, ఫ్లైట్లు. అన్ని లెక్కలూ వెళ్ళమనే చెప్పాయి. మా ఆవిడ వెనక నిలబడి చూసి, "ఇంకా ఎన్ని మజిలీలు?" అంది.

ఆ మాట ఆవిడ మామూలుగానే అంది. నాకు మాత్రం మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు' గుర్తొచ్చాయి. మన జానపద సినిమాలకి పుట్టిల్లు లాంటి పుస్తకం, పాతాళభైరవికి కూడా మూలం అందులోంచే కొంత తీసుకున్నారు. పన్నెండు భాగాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి వెళుతూ తోడుకి ఒక గొల్లపిల్లవాణ్ణి రమ్మంటాడు. పిల్లవాడు పెట్టిన షరతు ఒక్కటే, మజిలీ మజిలీకీ కథ చెప్పాలి. ఆ పిల్లవాడికి కాశీ చేరాలని తొందరేమీ లేదు. పుణ్యం ఎన్ని పాయింట్లో అడగలేదు. సాయంత్రం బస చేసినచోట ఒక కథ, అంతే.

సిడ్నీవాళ్ళకి రాలేనని రాశాను. మహాత్యాగం చేశాననుకోకండి. ఇక్కడ ఉద్యోగం బాగానే ఉంది. ఇంకో రెండేళ్ళకి మళ్ళీ ఏదైనా వస్తే వెళతానేమో కూడా. కాకపోతే ఈసారి స్ప్రెడ్‌షీట్‌లో లేని వరస ఒకటి చేర్చాను. పైకెక్కింది దేనికి? విశ్వామిత్రుడికీ, నేపాళ మాంత్రికుడికీ ఒకే రకం సాధన, ఒకే పట్టుదల. తేడా అంతా ఆ గడిలో రాసిన జవాబులోనే ఉంది. ఆ గడిలో నేను రాయగలిగినవి రెండే. డిసెంబరులో నెలన్నర సెలవు పెట్టి తెనాలి వెళ్ళడం, ఆదివారం ఆరు గంటలు ఎవరికీ ఇవ్వకపోవడం.

ఇంతకీ మావాడికి పుస్తకం దొరికిందా అంటే, దొరికింది. వెతికి వెతికి నాకు పట్టుబడిన కొలతలు మూడు, పనికొస్తే మీరూ వాడుకోండి. ఒకటి, మెట్టెక్కడానికి నాయకుడు ఏదైనా పోగొట్టుకోవాలి. ఊరికే అంకె పెరిగితే అది పుస్తకం కాదు, జీతం చీటీ. రెండు, ఎక్కాక కూడా వాడు ఓడిపోగలగాలి. మూడు, వాడు ఎక్కుతున్నకొద్దీ పక్కవాళ్ళు కనిపిస్తూ ఉండాలి. స్నేహితులు బొమ్మలైపోయిన చోట పుస్తకం మూసేయొచ్చు. ఈ మూడింటికీ నిలబడింది 'మదర్ ఆఫ్ లెర్నింగ్'. క్రొయేషియా రచయిత ఒకాయన 2011 నుంచి 2020 దాకా విడతలుగా రాసింది. జోరియన్ అనే విద్యార్థికి ఒకే నెల మళ్ళీ మళ్ళీ వస్తుంటుంది. వాడు మొదట తన చదువే చూసుకుంటాడు, పోనుపోను పక్కనున్న చెల్లెలూ అన్నదమ్ములూ స్నేహితులూ కళ్ళబడతారు. జిన్ యాంగ్ గారి గువో జింగ్‌ని ఇంకో రెండేళ్ళాగి ఇస్తాను. దాసరి గారి సీరియళ్ళు పుస్తకాలుగా కూడా వచ్చాయి, తెలుగు చదవగలిగే పిల్లలుంటే అవి తెప్పించుకోండి.

దాసరి సుబ్రహ్మణ్యం గారి గురించి ఒక్కమాట చెప్పి ముగిస్తాను. ఆయన 1952లో చందమామలో చేరి 2006 దాకా అక్కడే పనిచేశారు. యాభై నాలుగేళ్ళు! తన పేరు లేకుండా రాసిన సీరియళ్ళు కొన్ని భాషల పిల్లలకి చేరాయి. 2010 జనవరిలో పోయారు. చందమామ కూడా 2013 నాటికి ఆగిపోయింది. మా సాఫ్ట్‌వేర్ లెక్కలో ఆయన చేరిన మెట్టుమీదే ఉండిపోయిన మనిషి. ఖడ్గవర్మ లాగా.

ఈ సంగతి మావాడికి చెబితే, "మరి అన్నేళ్ళు ఏం చేశారు?" అన్నాడు.

అప్పటికి ఆరు దాటింది. ఫోన్‌లో మా నాన్న బైండు తెరిచి గుర్తుపెట్టిన పేజీ వెతుక్కుంటున్నాడు. కథ కొండశిఖరం దగ్గర ఆగిందో, గుహలో ఆగిందో తాతా మనవళ్ళకి వాదన వచ్చింది. అరగంట చదివి, సరిగ్గా మంచి పట్టులో ఆపి, "మిగతాది వచ్చే ఆదివారం" అన్నాడు. మావాడు ఎంత బతిమాలినా పేజీ తిప్పలేదు.

చందమామకి నెల ఆగేవాళ్ళం. వీడికి వారమే.